భర్త సంతకం ఎందుకడిగాను?

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ని. కొన్నేళ్ల కిందట గర్భం తీయించుకోవడానికి వచ్చిన ఒకామెను ‘మీ ఆయన సంతకం తీసుకురా’ అని తిప్పి పంపేశాను. ఆమె మళ్లీ రాలేదు. 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం మేజరైన స్త్రీ తాను ఒప్పుకుంటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. కానీ నేను పని నేర్చుకున్న చోట అందరూ అడిగేవారు. నేనూ అడిగాను.

అది తప్పని చెప్పేవాళ్లెవరూ నా పక్కన లేరు. నెలనెలా జరిగే సమీక్షా సమావేశాల్లో ఎన్ని కాన్పులు, ఎన్ని టీకాలు అని లెక్కలడుగుతారు. ‘నాకిది తెలియదు’ అని అక్కడ నోరు విప్పగలమా?

అందుకే చుట్టుపక్కల కేంద్రాల వాళ్లం, ముగ్గురు డాక్టర్లం, ముగ్గురు నర్సులు, నెలకోసారి ఒకరింట్లో కూర్చోవడం మొదలుపెట్టాం. ప్రతి ఒక్కరూ తమను తికమకపెట్టిన ఒక కేసు చెప్పాలి. రోగి పేరు, ఊరు చెప్పకూడదు. ఎవరినీ చులకన చేయకూడదు. వచ్చే నెల, తామేం మార్చుకున్నారో చెప్పాలి.

నా సంతకం సంగతి అక్కడే బయటపడింది. ‘మేమూ అడుగుతున్నాం’ అన్నారు మిగతా ఇద్దరు డాక్టర్లూ. చట్టం తెచ్చి చదివాం. ఆ రోజే మానేశాం. తలనొప్పి, నిద్రలేమి అంటూ పదేపదే వచ్చే స్త్రీని, వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి, ‘ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా?’ అని మెల్లగా అడగడం మాకు ఒక నర్సు నేర్పింది.

ఇదేమీ మేం కనిపెట్టింది కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో కుటుంబ వైద్యుల కోసం ఇలాంటి చిన్న బృందాలు 1990లలోనే మొదలయ్యాయి. మహిళా సంఘాల్లో మనమూ ఇలా గుండ్రంగా కూర్చునే కదా నేర్చుకున్నాం! అయితే ఒక ప్రమాదముంది. ఆరుగురిదీ ఒకే తప్పయితే అది మరింత గట్టిపడుతుంది. అందుకే చట్టమూ, చికిత్సా మార్గదర్శకాలూ ఎప్పుడూ మా ముందుండాలని నియమం పెట్టుకున్నాం.

ఇదంతా ఆదివారాల్లో, సొంత ఖర్చులతో, ఇంటిపని ముగించుకుని చేస్తున్నాం. అలా ఎన్నాళ్లు సాగుతుంది? నెలకు ఆ రెండు గంటలను డ్యూటీగా గుర్తించాలి. అక్కడ ఒప్పుకున్న పొరపాట్లు పై అధికారుల చేతిలో ఆయుధాలు కాకూడదు. స్త్రీల ఆరోగ్య హక్కుల కోసం మనం చేసే డిమాండ్లలో దీన్నీ చేర్చమని కోరుతున్నాను. ఆనాడు నాకు అలాంటి బృందం ఉండి ఉంటే, ఆమె ఉత్త చేతులతో వెనక్కి వెళ్లేది కాదు.