తోటను అడవి అనవచ్చునా?

మన భాషలో అడవికి పేర్లు కొదువ లేదు. అరణ్యము, విపినము, గహనము, కాననము, కాంతారము అని పండితులు వాడుకొన్నవి కొన్ని. అడవి, కాన, కారడవి, చిట్టడవి అని జనుల నోట నలిగినవి కొన్ని. మన తెలంగాణమున పల్లె పొలిమేరలోని పొదల భూమికి ‘కంచ’ అని మరొక పేరున్నది. వీటికి వేరుగా ఉద్యానము, ఉపవనము, ఆరామము, తోట, తోపు అనే మాటలున్నవి. అమరసింహుడు అడవి పేర్లు చెప్పిన వెంటనే, మనిషి పెంచిన కృత్రిమ వనమునకు ఆరామమనీ ఉపవనమనీ పేర్లని విడదీసి చెప్పినాడు. తానుగా పుట్టినది అడవి; మనము నాటినది తోట. అక్షరము రాని గొల్లవానికి కూడ ఈ భేదము తెలియును. చదువుకొన్న మనమే నేడు దీనిని మరచిపోతున్నాము. ఈ మరపు కేవలము భాషకు సంబంధించినదైతే నేనింత చింతింపను. దీనివలన అడవులే నశిస్తున్నవి గనుక పాఠకుల ముందు ఉంచుతున్నాను.

2015లో మన రాష్ట్రమున హరితహారము ఆరంభమైనది. రాష్ట్ర విస్తీర్ణములో 24 శాతముగా ఉన్న పచ్చదనమును 33 శాతమునకు పెంచుట దాని లక్ష్యము; అందుకు 230 కోట్ల మొక్కలని లెక్క వేసినారు. అది మంచి పనియే. నీడ లేని బాటలకు నీడ వచ్చినది. ప్రతి గ్రామమునకు ఒక నర్సరీ ఏర్పడినది. అయితే ఆ ఉత్సాహములో తొందరగా పెరుగునని కోనోకార్పస్ వంటి పరదేశపు చెట్లను బాటల పొడుగునా నాటుట, తరువాత ప్రభుత్వమే దాని పెంపకమును ఆపివేయుట కూడ జరిగినది. పిట్టకు పండు గాని, పశువుకు మేత గాని ఇవ్వని చెట్టు పచ్చగా ఉన్నంత మాత్రమున ప్రయోజనమేమి?

లెక్కలలోను ఇదే చిక్కు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ వారి 2021 నివేదిక ప్రకారము తెలంగాణమున అటవీ ఆచ్ఛాదనము సుమారు 21,214 చదరపు కిలోమీటర్లు, అనగా రాష్ట్రములో దాదాపు 19 శాతము. అంతకు ముందరి నివేదికతో పోల్చితే 632 చదరపు కిలోమీటర్లు పెరిగినదని చెప్పినారు. సంతోషమే. కాని ఆ లెక్కకు ఆధారమైన నిర్వచనమును చూడవలెను. ఒక హెక్టారుకు తక్కువ గాని భూమిలో చెట్ల నీడ పదింట ఒక వంతు పరచుకొని ఉన్నచో అది అటవీ ఆచ్ఛాదనమే. భూమి ఎవరిదైనను, చెట్టు ఏదైనను సరే. మామిడితోట ఒకటే, నీలగిరితోట ఒకటే, టేకు అడవి ఒకటే. ఆకాశము నుండి చూచు ఉపగ్రహమునకు పచ్చదనమే గాని, ఆ పచ్చదనము కింద ఏమున్నదో కనబడదు.

ఏమున్నదో చూడవలెనంటే మన జిల్లాలోనే చూడవచ్చును. కామారెడ్డి, మెదక్ జిల్లాల సరిహద్దున 130 చదరపు కిలోమీటర్ల పోచారము అభయారణ్యమున్నది. ఒకప్పుడది నిజాము వేటభూమి. అటువంటి మన ఆకురాల్చు అడవిలో పైన టేకు, నల్లమద్ది, ఏగిస, ఇప్ప. వాటి నడుమ తునికి, మోదుగ, ఉసిరి. వాటి కింద పొదలు, తీగలు, గడ్డి. అన్నిటి కింద ఏటేటా రాలి కుళ్ళిన ఆకుల పరుపు. ఆ పరుపులో చెదలు, పురుగులు, బూజులు చేయు పనియే అడవికి ప్రాణము. వాన చినుకు ముందు ఆకు మీద పడును. దాని వేగము చచ్చును. ఆకుల పరుపులో ఇంకి, వేళ్ళ సందులగుండా నేలలోనికి దిగి, వాన వెలిసిన చాల దినముల తరువాత వాగులో ఊటగా తేలును. వరుసలు తీర్చి నాటి, అడుగున గడ్డి కూడ లేకుండ దున్నిన తోటలో ఈ ఏర్పాటు లేదు. నిర్మల్ బొమ్మలకు కావలసిన పొణికి కర్ర అరుదైపోయి ఆ కళాకారులు కష్టపడుతున్నారన్నది అందరూ ఎరిగినదే. కోట్ల మొక్కలు నాటిన రాష్ట్రములో ఒక మెత్తని కర్రకు కరవేల? తోట మనకు తోచిన పది జాతులనే ఇచ్చును; అడవి మనకు తోచనివి కూడ ఇచ్చును.

అడవి సంగతి అడవి దగ్గరివారికేగాని మాకేల అని మా బాన్సువాడ ప్రాంతపు రైతు అనవచ్చును. కాలువ నీటితో రెండు కార్లు వరి పండించు నేల మాది. ఆ కాలువకు మూలము నిజాంసాగరము. 1923లో మొదలై 1931లో పూర్తియైన ఆ జలాశయమున ఆరంభములో నిలువగల నీరు సుమారు 29.7 టి.ఎం.సి.లు. 1970 దశకము నాటికి అది 12 టి.ఎం.సి.లకు లోపునకు పడిపోయినది. ఏబది ఏండ్లు నిండకుండగనే సగమునకు పైగా కడుపు ఒండ్రుతో నిండినదన్న మాట! పిమ్మట నీటిమట్టమును పెంచి 17.8 టి.ఎం.సి.లకు తెచ్చుకొన్నాము. పోయినదంతయు తిరిగి రాలేదు.

ఆ మట్టి ఎక్కడిది? మంజీర బాలాఘాట్ కొండలలో పుట్టి, మహారాష్ట్ర, కర్ణాటకములు దాటి మన వద్దకు వచ్చును. ఆ దారి పొడవునా నల్లరేగడి మెట్టభూములు. వాలుల మీద చెట్టు లేదు, గట్టు లేదు. ఒక్క అడవి నరుకుటయే కారణమని నేననను. సేద్యపు తీరు, పశువుల మేపు కూడ కారణములే. కాని వాలు మీద పచ్చని కప్పు లేని నేల వానకు కరిగి దిగువవాని చెరువులో చేరుట ప్రకృతి న్యాయము. ఎగువవాని నిర్లక్ష్యమునకు దిగువవాడు పన్ను కట్టుచున్నాడు. మన వాగుల ఎగువన మనమూ అదే చేసినచో మన దిగువవారు మనలను అదే మాట అందురు.

2025 ఆగస్టు చివరి వారములో కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కుండపోత కురిసి రోడ్లు, రైలుకట్టలు తెగినవి. 1922లో పూర్తియైన పోచారము ఆనకట్ట ఆ వరదను తట్టుకొని నిలిచినది. అంతటి వానను ఏ అడవియు పూర్తిగా ఆపలేదు, నిజమే. కాని అట్టి వానలు ముందు ముందు ఇంకను తరచుగా రానున్నవని వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పుచున్న ఈ కాలమున, నేలను పట్టి ఉంచు వేళ్ళను మనమే పెరికివేయుట వివేకము కాదు.

అడవికి అపాయములు అనేకము. ఫాల్గుణము మొదలు వైశాఖము వరకు ఎండుటాకులకు నిప్పంటుకొనును. తునికాకు చిగుళ్ళు బాగుగా రావలెనని, ఇప్పపూవు ఏరుటకు నేల శుభ్రముగా ఉండవలెనని కొందరు బుద్ధిపూర్వకముగానే నిప్పు పెట్టుదురు. అయితే ఆ తునికాకు మీదనే మన ఉభయ జిల్లాలలో బీడీలు చుట్టు వేలాది స్త్రీల కూడు ఆధారపడి ఉన్నదని మరువరాదు. పోడు చేయు గిరిజనుని దొంగ అనుట సులభము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అతనికి హక్కు ఇచ్చినది. అడవిని కాపాడు అధికారమును గ్రామసభకు కూడ ఇచ్చినది. హక్కును అడ్డుకొని కాపుదలను మాత్రము కోరుట న్యాయము కాదు. అడవిలో బ్రతుకువానిని కాపరిగా చేసికొననిదే ఏ కంచెయు నిలువదు.

వీటన్నిటికంటె సూక్ష్మమైన అపాయము నేను మొదట చెప్పిన మాటల కలగాపులగము. గనికో, బాటకో, కట్టడమునకో అడవిని తీసికొని, దానికి బదులు మరొకచోట మొక్కలు నాటింతుమని చెప్పుట నేడు రివాజు. తోట అడవికి సమానమని ఒప్పుకొన్ననాడే ఈ బేరము కుదురును. ఇంత చిన్న మాటలో ఎంత విషయమున్నదో మన సర్వోన్నత న్యాయస్థానము ఎరుగును. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యములో, అడవి అనగా నిఘంటువు చెప్పు అర్థమే గ్రహింపవలెనని తీర్పు చెప్పినది. 2023లో అటవీ సంరక్షణ చట్టమును సవరించిన పిమ్మట, 2024 ఫిబ్రవరిలో ఆ అర్థమునే పాటింపుడని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయము పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరములపై యంత్రములు దిగినప్పుడు, విద్యార్థుల ఆందోళన నడుమ, ఏప్రిల్ 3న చెట్ల నరికివేతను ఆపించినది. రికార్డులలో అది అడవి కాదన్నారు. నెమళ్ళు, జింకలు రికార్డులు చదువవు గదా!

మరి చేయవలసినదేమి? నాటవద్దని నేననుటలేదు. తటాకమును, వనమును సప్తసంతానములలో చేర్చిన జాతి మనది. బడి ఆవరణలో, బాట పక్కన, బంజరులో తప్పక నాటవలెను. కాని క్షీణించిన అడవిలో మొదటి పని నాటుట కాదు, కాచుట. టేకు, తునికి, మోదుగ వంటివి నరికినను మోళ్ళనుండి, వేళ్ళనుండి చిగిర్చును. నిప్పు చొరకుండ, పశువులు మేయకుండ కొన్నేండ్లు విడిచిపెట్టినచో నేలలో దాగిన వేళ్ళే అడవిని తిరిగి లేపును. దీనికి ఖర్చు తక్కువ. ఓపిక ఎక్కువ కావలెను. ఫోటోకు నిలుచుటకు అవకాశము లేని పని గనుక దీనికి ఉత్సాహము చూపువారు తక్కువ.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపము. ఏటేటా పిల్లలచేత మొక్కలు నాటించి ఆ సంఖ్య వ్రాసి పంపుతున్నాము. దానితోబాటు ఏడాదికొకనాడు వారిని దగ్గరి అడవికో, కంచకో తీసికొనిపోవుదము. బతుకమ్మకు కోసుకొను తంగేడు, గునుగు ఎవరు నాటినవో అడుగుదము. ఒక్కొక్క విద్యార్థి ఇరువది చెట్లను పేరుతో గుర్తింపగలిగిననాడు, ‘దీనికి బదులు వేరొకచోట నాటుదుము’ అని ఎవరైనను అన్నప్పుడు, ఏ చెట్టునకు బదులు ఏ చెట్టు అని ఆ పిల్లవాడే నిలదీయగలడు.