చార్టు పక్కన పెట్టి, పిల్లల చేతికి కాగితం ఇద్దాం

లింబాయత్, ఉధ్నా బస్తీల తెలుగు తల్లిదండ్రులకు, టీచర్లకు:

సూరత్ మున్సిపల్ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమమూ ఉంది. సాంచల (మరమగ్గాల) మీద బతకడానికొచ్చిన మనవాళ్లకు అది పెద్ద ఆసరా. ఆ బడుల్లో ఆకారాల పాఠం చెప్పే తీరు మారాలని ఈ కరపత్రం.

గోడకు చార్టు, టీచరమ్మ చేతిలో స్కేలు. వృత్తం, చతురస్రం, త్రిభుజం అని పిల్లలంతా ఒక్క గొంతుతో అప్పజెప్తారు. ఇంటికొచ్చాక ఒక చదరపు కాగితం చూపించండి, చతురస్రమే అంటారు. దాన్నే మూల కిందికొచ్చేలా తిప్పి పట్టుకోండి, చాలామంది కాదంటారు. పిల్లల తప్పేం లేదు. చార్టులో చతురస్రం ఎప్పుడూ చతికిలబడే ఉంటుంది, త్రిభుజం కొన ఎప్పుడూ పైకే. పియరీ, డీనా వాన్ హీలే అనే డచ్చి దంపతులు 1957లోనే తేల్చారు: చిన్నపిల్లలు ముందు మొత్తం రూపు చూసి గుర్తుపడతారు, భుజాలూ మూలలూ గమనించడం తర్వాతి మెట్టు. వయసు పెరిగితే సరిపోదు, చేయించిన పనే ఆ మెట్టెక్కిస్తుంది.

అలాంటి పనికి మన చుట్టూ ఉన్న వస్తువులే చాలు. సంక్రాంతికి మన డాబాల మీద ఎగిరే పతంగి మూల మీద నిలబడ్డ చదరమే కదా! నిలువు పుల్ల కర్ణం, అడ్డపుల్ల వంపు గీత. పుల్లలు పీకేసి కర్ణం వెంట మడిస్తే త్రిభుజం. దారం కోను నేల మీద దొర్లిస్తే గుండ్రంగా తిరుగుతుంది, తాను చుట్టే అట్టగొట్టం సూటిగా పోతుంది. ఎందుకో పిల్లల్నే చెప్పనివ్వండి, తొందరపడి మీరు చెప్పొద్దు. గుండ్రటి వజ్రానికి 57 ముఖాలు సానబెట్టే ఊళ్లో మన పిల్లలకు నాలుగు బొమ్మలతో సరిపెడతామా?

సిలబస్ అవ్వదంటారేమో. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్‌లోని చిన్న తరగతుల లెక్కల్లో ఆకారాలూ ఉన్నాయి, ఇది అదనపు బరువేం కాదు.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. కాబట్టి అడిగే హక్కు మనదే. ఒకటి, రెండు తరగతులకు వారానికో పీరియడు మడతలకు, కత్తిరింపులకు, చుక్కల ముగ్గుకు కేటాయించమని వచ్చే మీటింగులో అడగండి. ముగ్గు నేర్పడానికి అమ్మలనే పిలవమనండి. రాత్రి షిఫ్టు దిగి రాలేని నాన్నలు ఖాళీ కోన్లు, గొట్టాలు, చిరిగిన పతంగులు పంపండి. కత్తెర్లు మాత్రం మొన లేనివే కొనాలి.