రాతిమీది పేరు, ఇంటిపేరు

ఢిల్లీకి వెళ్ళిన తెలుగువాడు ఇండియా గేటును చూడక తిరిగిరాడు. దాని గోడలమీద చెక్కి ఉన్న పేర్లు ఎవరివని అడిగితే మాత్రం, చైనా, పాకిస్తాన్ యుద్ధాలలో మరణించినవారివని చెప్పేవారే ఎక్కువ. కాదు. 1921లో పునాదిరాయి పడి 1931లో ఆవిష్కృతమైన ఆ తోరణం, మొదటి ప్రపంచయుద్ధంలోనూ 1919 నాటి అఫ్గాన్ యుద్ధంలోనూ బ్రిటిషు ప్రభువుల పక్షాన పోరాడి నేలకొరిగిన సైనికులది. దానిమీద ఉన్న 13,000కు పైగా పేర్లన్నీ ఆనాటివే. బంగ్లాదేశ్ యుద్ధం ముగిశాక, 1972 జనవరి 26న ఆ తోరణం కింద అమర్ జవాన్ జ్యోతిని వెలిగించారు. తలకిందులుగా నిలిపిన తుపాకి, దానిపై శిరస్త్రాణం, చెంత ఆరని జ్యోతి. చూడగానే చేతులు జోడించాలనిపించే దృశ్యమే. కాని గోడలమీద పేర్లున్నవారు వేరు, ఆ జ్యోతి ఎవరికొరకో వారు వేరు. నలభై ఏడేళ్ళపాటు మనం పరాయి పాలకులు చెక్కించిన పేర్ల నీడలో మనవారికి దీపం పెట్టుకున్నాం.

పేరుండటమూ లేకపోవటమూ అంత పెద్ద విషయమా అని మిత్రులు అడగవచ్చు. ఎనభైల నాటి ఒక సంగతి చెబుతాను. నేను తెలుగు పండితుడిగా పనిచేసిన ఒక ఊళ్ళో 1971 యుద్ధంలో మరణించిన సైనికుని భార్య ఉండేది. ఏటా ఆగస్టు పదిహేనుకు, జనవరి ఇరవయ్యారుకు ఆమెను బడికి పిలిచి, వేదికమీద కుర్చీ వేసి, శాలువా కప్పేవారు. ఉపన్యాసకులందరూ "వీరపత్ని" అనేవారే తప్ప ఆమె పేరు పలికినవారు లేరు. ఒకసారి సభ ముగిశాక ఆమె నా దగ్గరకు వచ్చి, "ఢిల్లీలో అందరి పేర్లూ రాతిమీద రాశారంట గదా మేస్టారూ, మా ఆయన పేరు కూడా ఉండుంటదా?" అని అడిగింది.

ఆ ప్రశ్న వెనుక ఉన్న బాధ ఈనాటివారికి వెంటనే స్ఫురించదు. 1999లో కార్గిల్ యుద్ధం వచ్చేవరకు, రణరంగంలో మరణించిన సైనికుని దేహం ఇంటికి చేరటం అరుదు. సరిహద్దు దగ్గరే దహనమో ఖననమో జరిగిపోయేది. ఇంటికి తంతి వచ్చేది, ఆ వెనుక ఎప్పుడో అతని పెట్టె వచ్చేది. 1962లోనూ, 1965లోనూ, 1971లోనూ భర్తలనూ కొడుకులనూ పోగొట్టుకున్నవారిలో అనేకులకు కడసారి చూపు లేదు, సమాధి లేదు, మొక్కటానికి ఒక రాయి లేదు. అటువంటివారికి ఒక పలకమీద ఆ పేరు కనిపించటం అలంకారం కాదు. అంత్యక్రియలలో మిగిలిపోయిన భాగం.

ఆ రాయి 2019 ఫిబ్రవరి 25న వచ్చింది. ఇండియా గేటుకు సమీపంలో సుమారు నలభై ఎకరాలలో నిర్మించిన జాతీయ యుద్ధస్మారకం అది. ఒకదానిలో ఒకటి ఇమిడిన నాలుగు వలయాలు: నడుమ అమరచక్రం, దాని చుట్టూ వీరతాచక్రం, త్యాగచక్రం, వెలుపల చెట్ల వరుసలతో రక్షకచక్రం. అభిమన్యుడు ప్రవేశించిన పద్మవ్యూహం గుర్తురాక మానదు. నిర్మాతలు కూడా చక్రవ్యూహాన్నే మనసులో పెట్టుకున్నారట. వ్యూహంలోకి వెళ్ళి తిరిగిరానివారికి ఇంతకంటె తగిన ఆకృతి దొరకదు. త్యాగచక్రంలోని పదహారు గోడలమీద, ఆవిష్కరణనాటికి 25,942 పేర్లు బంగారు అక్షరాలతో చెక్కి ఉన్నాయి. 1947 మొదలు జరిగిన యుద్ధాలు, శ్రీలంక, సియాచిన్, ఉగ్రవాదులతో పోరాటాలు అన్నీ అందులోకి వస్తాయి. 2022 జనవరి 21న పాత జ్యోతిని తెచ్చి ఇక్కడి జ్యోతిలో కలిపినప్పుడు పెద్ద రగడే జరిగింది. పేర్లున్నచోటనే దీపముండాలని నా అభిప్రాయం.

ఆ నిర్మాణం మొత్తంలో నాకు అన్నింటికంటె నచ్చినది శిల్పం కాదు, ఒక ఆచారం. సాయంవేళ అక్కడ జరిగే కార్యక్రమంలో, అమరుడైన ఒక సైనికుని కుటుంబసభ్యులు వచ్చి పుష్పగుచ్ఛం ఉంచుతారు. మంత్రులూ సేనాపతులూ ఏడాదికి కొన్నిసార్లే వస్తారు. ఇంటివారి వంతు ప్రతిదినం.

ఇంటివారిని గౌరవించటంలో మన సంప్రదాయమేమీ ఆదర్శప్రాయం కాదని సాహిత్యం చదువుకున్నవాడిగా చెప్పక తప్పదు. పల్నాటి కథలో మాంచాల తన చేతులతో భర్తకు ఖడ్గమిచ్చి యుద్ధానికి సాగనంపింది. పోరు విడిచి ఇల్లు చేరిన ఖడ్గతిక్కనకు భార్య స్నానానికి మంచం చాటు చేసి పసుపుముద్ద పెట్టిందని, తల్లి విరిగిన పాలు పోసిందని చాటుకథ. తరగతిలో ఈ ఘట్టాలు చెబుతుంటే పిల్లలు కన్నార్పకుండా వినేవారు, నేనూ ఒళ్ళు మరచి చెప్పేవాణ్ణి. కాని ఆ స్త్రీలకు మనం ఇచ్చిన పని పంపించటం మాత్రమే. పోయినవాడు తిరిగిరాని మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఎవరూ అడగలేదు. మన పల్లెల్లో వీరగల్లులు ఉన్నాయి. వాటితోపాటు సతికల్లులూ ఉన్నాయి. వీరునికి ఒక రాయి, అతనితో కాలిపోయిన భార్యకు ఒక రాయి. బతికి, బిడ్డలను పెంచిన భార్యకు రాయి లేదు.

అది గతమని సరిపెట్టుకుందామా? శౌర్యపతకం పొంది మరణించిన సైనికుని భార్యకు ప్రభుత్వం నెలనెలా కొంత భత్యం ఇస్తుంది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే అది ఆగిపోయేది. చేసుకున్నది భర్త సోదరుణ్ణే అయితే మాత్రం ఆగేది కాదు! ఈ నిబంధనను 2017 నవంబరులో తొలగించారు. వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినది 1881లో. నూట ముప్ఫయ్యారేళ్ళ తరువాత గాని మన దస్త్రాలకు ఆ వార్త అందలేదు.

స్మారకం విషయంలో తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మనకు వంశం ఇంటిపేరులో ఉంటుంది, ఆ ఇంటిపేరు సర్కారీ కాగితాలలో ఒక్క అక్షరమైపోతుంది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలర్పించి, మరుసటి ఏడు మహావీరచక్ర పొందిన కర్నల్ సైన్యంలో బి. సంతోష్ బాబు. సూర్యాపేటవారికి ఆయన బిక్కుమళ్ళ సంతోష్ బాబు. "బి" దగ్గర ఆగిపోతే ఆ ఇల్లు కనబడదు. ఆయనది ఇటీవలి సంగతి, పదవి పెద్దది, కనుక పేరు అందరికీ తెలిసింది. ఊళ్ళో విగ్రహం వెలసింది, ఆయన భార్యకు రాష్ట్ర ప్రభుత్వం డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం ఇచ్చింది. సంతోషమే. 1965లో పోయిన ఒక సిపాయికి, ఒక లాన్స్‌నాయక్‌కు ఇవేవీ లేవు. మనుమల తరంవారికి అతడు గోడమీది ఫొటో మాత్రమే.

జాతీయస్మారకంలోని పలకమీద చోటు కొద్ది, అక్కడ అన్నీ పట్టవు. ఊరి బడిగోడకు ఆ ఇబ్బంది లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరమనే పిలుస్తారు. తరతరాలుగా సైన్యంలో చేరుతున్న ఊరది. అటువంటి పేరు లేని ఊళ్ళలోనూ ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు. పంచాయతీవారు ఒక నాపరాయి పలక చెక్కించి బడిలో నిలిపితే ఎంత ఖర్చవుతుంది? అందులో ఇంటిపేరు పూర్తిగా ఉండాలి. తల్లిదండ్రుల పేర్లు, భార్య పేరు ఉండాలి. ఏ యుద్ధమో, ఏ ఏడో ఉండాలి. "వీరపత్ని" అని మాత్రం చెక్కవద్దు. ఆమెకు ఒక పేరుంది.

ఇక యుద్ధంనుంచి ప్రాణాలతో తిరిగివచ్చి, కాలో చెయ్యో పోగొట్టుకుని, పింఛను కాగితాలు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగినవారు ఉన్నారు. వారి పేర్లు ఏ రాతిమీదికీ ఎక్కవు. వారి సంగతి మరో టపాలో ముచ్చటించుకుందాం.