గని కార్మికుని కాగితపు పెట్టె

దక్షిణాపథమున రైళ్లను నడిపి, మిల్లుల పొయ్యిలను మండించిన సింగరేణి బొగ్గునకు చరిత్రము లేకపోలేదు. 1871లో డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు చెంత బొగ్గును గుర్తించుటయు, 1886లో ఇంగ్లండున హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడుటయు, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ వెలయుటయు అచ్చుపుస్తకములం దున్నవి. ఆ బొగ్గును తట్టల కెత్తినవారి బ్రదుకు మాత్రము వారి యిండ్లలో, రేకుపెట్టెల యడుగున, మడతలు పడియున్నది.

ఆ పెట్టెలలో నేమి గలదు? జీతపు చీటి, యూనియను చందా రసీదు, ఆసుపత్రి చీటి, క్వార్టరు కేటాయింపు కాగితము, సమ్మక్క జాతరకు వాడవారు వ్రాసికొన్న చందా పద్దు, ఊరినుండి తల్లి వ్రాయించిన కార్డు. పలు తావులనుండి పొట్టచేత బట్టుకొని వచ్చినవారు ఒక వాడయై, ఒకరి కొకరు చుట్టములై యెట్లు బ్రదికిరో చెప్పగల సాక్షు లివియే.

ఇది చరిత్రకారుల ముచ్చట మాత్రమే కాదు, అన్నము మాట. గనివాడలలో మారుపేర్ల చిక్కు నెరుగని వారుండరు. పరుల పేరిట పనిలో చేరినవారికి ఇంట నొక పేరు, మస్టరులో నొక పేరు. బాయిలో దిగినంతకాలము భుజబలమే చాలెను. పేరు నెవ్వరు నడుగలేదు. కుమారుడు వారసత్వపు కొలువు గోరినప్పుడు కాగితము అడ్డుపడుచున్నది. భూగర్భమున జీవితము ధారపోసినవాడు తన తండ్రియేనని కొడుకు ఋజువు చేయవలసివచ్చుట కంటె విపరీత మేమున్నది?

కూలివాని చీటికిని రాజుల తామ్రశాసనమునకును సాటి యేమని కొంద రందురు. శాసనము దాతను కీర్తించును; చీటి చెమటోడ్చినవానిని చూపును. రెండును లేనిదే దేశచరిత్ర పూర్తి కాదు. 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించిన లక్ష్మణరాయ పరిశోధక మండలి, రాళ్లమీది యక్షరములు చెడకుండ కాపాడినది. కాగితము రాతికంటె త్వరగా చెడును. బ్రిటనులో దక్షిణ వేల్సు బొగ్గుసీమవారు ఈ సంగతి గ్రహించిరి. 1973లో స్వాన్సీయందు గనికార్మికుల గ్రంథాలయము వెలసినది. కార్మిక సంఘముల దస్తావేజులతోపాటు కార్మికులు దాచుకొన్న పత్రములు నచటి విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నవి.

మనకును కాలము మించుచున్నది. 1990 ప్రాంతమున 1 లక్షకు పైబడిన సింగరేణి కార్మికులు నేడు 40 వేల ప్రాంతమునకు తగ్గిరి. కార్మికుడు దిగిపోవును, క్వార్టరు ఖాళీయగును, పెట్టె పాతసామానుల వానికి చేరును.

కనుక మేము కోరునది స్వల్పము. ఇల్లెందు, కొత్తగూడెము, బెల్లంపల్లి, గోదావరిఖని గ్రంథాలయములు ఈ పత్రములకు నకళ్లు తీసి, అసలులను యజమానులకే యిచ్చివేయవలెను. కార్మిక సంఘములు తమ పాత పద్దులను వెలికి తీయవలెను. కంపెనీవారు తమ పాత రిజిష్టర్లను కార్మిక కుటుంబములకు చూపవలెను. మారుపేర్ల తగవును ఇరుపక్షముల కాగితములను ఎదురెదుర నుంచి తీర్చవలెను. బొగ్గును త్రవ్వి తీసికొన్న దేశము, త్రవ్వినవాని పేరును మట్టిలో పూడ్చుట న్యాయము గాదు.