దాదీమా ముత్యాలకు కీమత్ ఎవరు కట్టారు?

మా అనంతసాగరంలో ఒక ఇంట్లో తర్కా పంచుకున్నారు. పొలం కొలిచారు, బంగారం తూచారు. దాదీమా ముత్యాల సత్‌లడా మాత్రం "పాత పూసలే కదా" అంటూ పెద్దకోడలి పెట్టెలోకి పోయింది. కూతుళ్ళు నోరు మెదపలేదు. నాకిది ఇన్సాఫ్ అనిపించలేదు.

సొంతానికి వేసుకునే ముత్యాలకు మన హనఫీ మస్లక్‌లో జకాత్ లేదు, సహీ. అంతమాత్రాన విరాసత్‌లో హిస్సా లేకుండా పోతుందా?

పంటికి రుద్దితే ముత్యం గరగరమంటుంది, గాజుపూస నున్నగా జారుతుంది. కానీ అక్కడితో కీమత్ తేలదు. జపాన్‌లో మికిమోటో 1893లో తీసిన పెంపకం ముత్యం కూడా గరగరమనేదే. దానంతటది పుట్టిన బస్రా ముత్యమా, పెంచిందా అన్నది ల్యాబ్‌లో ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. ధరలో తేడా ఎన్నో రెట్లు. (బస్రా అన్నది బజారు పేరు. ముత్యాలు తీసింది మన పిల్లలు నౌకరీకి వెళ్ళే కువైట్, బహ్రెయిన్ వైపు సముద్రంలో.)

బంగారం కొట్టులో అడిగితే ముత్యాల బరువు తీసేసి బంగారానికే లెక్క కడతారు. అది ముత్యాల కీమత్ కాదు. పాత దారం, కొక్కెం మార్పించకముందే ల్యాబ్‌కు పంపండి. అప్పటిదాకా ఆ హారం అందరి అమానత్. ఫుప్పూలూ, ల్యాబ్ కాగితం చూడకుండా దస్తఖత్ పెట్టకండి.