పాపాయికి కేకు – పెద్దలకు తొందర

ఒకప్పుడు మన ఇళ్ళలో బిడ్డ తొలి పుట్టినరోజంటే తలంటు, కొత్త బట్టలు, గుడిలో అర్చన, ఇరుగుపొరుగులకు పాయసం. తీరిక చిక్కితే బజారులోని స్టూడియోకు వెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫోటో. మేము ఉద్యోగరీత్యా ఉంటున్న రాయపూర్‌లో ఆ ముచ్చట ఇప్పుడు మరొక రూపు దాల్చినది. బిడ్డ ముందు ఒక చిన్న కేకు పెడతారు. బిడ్డ దానిని రెండు చేతులా చిదిమి, ఒళ్ళంతా పూసుకుంటూ ఉంటే వరుసగా ఫోటోలు తీస్తారు. దీనికి ‘కేక్ స్మాష్’ అని పేరు. రైల్వే ఉద్యోగాలకై తరాల క్రితం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలోనూ, నవా రాయపూర్‌కు కొత్తగా వచ్చిన వారిలోనూ ఈ వేడుక కనిపిస్తున్నది.

అన్నం పరబ్రహ్మ స్వరూపం, దానిని నేలపాలు చేయడమేమిటని బామ్మలు నొచ్చుకుంటున్నారు. వారి మాటను మేము తోసిపుచ్చము. అయితే ఇది బొత్తిగా పరాయి సరదా అనలేము. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం ఎదుట పరచి, బిడ్డ పాకుతూ వెళ్ళి దేనిని పట్టుకుంటాడోనని మనం చూడటం లేదా? కొరియావారు అదే పనిని తొలి పుట్టినరోజున చేస్తారు. బిడ్డ తనంతట తాను చేయి చాపడమే అందులోని సంబరం. చిక్కల్లా స్టూడియోలో గంటల లెక్కన రుసుము చెల్లించడం వలన వస్తున్నది. గడియారం చూసుకొనే పెద్దలు బిడ్డ చేయి చాపే దాకా ఆగలేరు.

మా సహోద్యోగి ఒకరి మనుమడికి జరిగినదిదే. మధ్యాహ్నం రెండు గంటలకు, సరిగ్గా వాడు నిద్రపోయే వేళకు, సమయం కుదిరినది. చల్లని క్రీము వేలికి తగలగానే వాడు చేయి వెనక్కు లాక్కున్నాడు. తండ్రి ఆ చేతిని పట్టి కేకులో అదిమాడు. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఫోటోగ్రాఫరు “ఇంకొక్కసారి” అన్నాడు. బామ్మగారు లేచి, “చాలు నాయనా, నీ కెమెరా కట్టిపెట్టు” అని హిందీలోనే చెప్పి, మనుమణ్ణి భుజాన వేసుకొని బయటకు నడిచారు. ఆ సాయంత్రం ఇంటి వరండాలో పళ్ళెంలో పెరుగన్నం పెడితే, వాడు దానిని మెత్తగా పిసికి, తలకు రాసుకొని, కిలకిల నవ్వాడట.

ఆ పళ్ళెం ముందే పెట్టవలసినది. పరీక్షించకుండా ఏ యంత్రం మీదనైనా పూర్తి భారం వేస్తామా? వారం ముందు నుండి అరటిపండు, పెరుగన్నం పళ్ళెంలో వేసి, బిడ్డను స్వయంగా కెలకనివ్వాలి. గోధుమ, గుడ్డు, పాలు బిడ్డకు పడుతున్నవో లేదో ఒక్కొక్కటిగా, కొన్ని రోజుల ఎడంతో ముందే తెలుసుకోవాలి. దద్దుర్లో, వాంతులో కనిపిస్తే వైద్యుని అడగకుండా ఆ పదార్థం మళ్ళీ పెట్టరాదు. ఫోటోల నాడు కొత్త పదార్థమేదీ వద్దు.

తేనె విషయం గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఫోటోలు సాధారణంగా పుట్టినరోజుకు ముందే తీయిస్తారు, అంటే బిడ్డకు ఏడాది నిండి ఉండదు. ఏడాదిలోపు పిల్లలకు తేనె వలన బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చును. కేకులో వేసి కాల్చితే దోషం పోతుందనుకోవడం పొరపాటు. కేకు లోపలి వేడి నూరు డిగ్రీలకు మించదు. ఆ సూక్ష్మజీవి బీజాలు నశించడానికి ప్రెషర్ కుక్కరులో వలె ఒత్తిడితో కూడిన 121 డిగ్రీల వేడి కావాలి. ఇక చక్కెర. రెండేళ్ళలోపు పిల్లలకు చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది. మెత్తని అరటిపండు, గోధుమపిండి కలిపి ఇంట్లోనే చిన్న కేకు చేసి, గుడ్డలో కట్టి నీరు వార్చిన గట్టి పెరుగును పైన పూస్తే ఫోటోలో క్రీముకు ఏమాత్రం తీసిపోదు.

వెండి రంగు చక్కెర పూసలు, జీడిపప్పు, అలంకరణలో గుచ్చిన పుల్లలు, బిడ్డకు అందేలా బెలూన్లు ఉండరాదు. పగిలిన బెలూను ముక్క గొంతుకు అడ్డుపడితే ఊపిరాడదు. ఫోటోగ్రాఫరు చూపు కెమెరా మీద ఉంటుంది గనుక, చేతికందేంత దూరంలో ఇంటివారొకరు కూర్చొనవలె.

వేళను బిడ్డ నిద్రను బట్టి నిర్ణయించుకోండి. నిద్ర లేచి, కొద్దిగా పాలు తాగిన తరువాత బాగుంటుంది. ఏడిస్తే ఆపివేస్తామని రుసుము మాట్లాడుకొనేటప్పుడే ఫోటోగ్రాఫరుకు చెప్పాలి. మే నెలలో ఇక్కడి ఎండ నలభై రెండు దాటుతుంది. ఆ వేడిలో నుండి చల్లని గదిలోకి, అక్కడ ఒళ్ళు కడిగి తడి ఆరకుండానే మళ్ళీ ఎండలోకి బిడ్డను తిప్పడం మంచిది కాదు. ఉదయమే ముగించుకొని, గోరువెచ్చని నీరు, రెండు జతల బట్టలు వెంట ఉంచుకోవాలి. కేకు అరచేతి వెడల్పున్నా చాలును. అతిథులకు పంచే కేకు వేరుగా, ఎవరి చేయీ పడకుండా ఉంటే, బామ్మగారు కూడా ఒక ముక్క తీసుకుంటారు.