రేవుపాటయు ప్రయాణికుల ప్రాణములును

జమ్మలమడుగు ప్రాంతమువారికి పడవల ముచ్చట యెందుకని కొందరు శంకింపవచ్చును. పెన్నలో సంవత్సరమున అధికభాగము ఇసుకయే గాని నీరు కానరాదు. వరద వచ్చిన నాలుగు దినములు పూర్వము అరిగోలుతో గడచిపోయెడివి. ఆ కాలము గతించినది. నేడు గండికోట కొండల నడుమ 26.85 శతకోటి ఘనపుటడుగుల నీటిని నిలుపగల జలాశయమున్నది. దాని దిగువను మైలవరము జలాశయమున్నది. నీరు నిలిచినచోట పడవ దిగుటయు, పడవ దిగినచోట జనమెక్కుటయు సహజము. కావున కోస్తా జిల్లాలవారు ప్రాణములు చెల్లించి నేర్చిన పాఠమును మనము ముందుగనే నేర్చుకొనుట వివేకము.

2017 నవంబరు 12వ తేదీన కృష్ణలో పవిత్రసంగమమువద్ద పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. 2018 మే 15వ తేదీన గోదావరిలో మంటూరువద్ద లాంచి మునిగెను. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరువద్ద పాపికొండల యాత్రకు పోవు పడవ మునుగగా, అందెక్కిన 77 మందిలో 26 మంది మాత్రమే బ్రదికి బయటపడిరి. ఆనాడు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుచుండెను. ప్రతి విపత్తు వెనుకను విచారణలు జరిగినవి. అధిక జనమును గూర్చియు, ప్రాణరక్షక కవచములను గూర్చియు పుంఖానుపుంఖముగ వ్రాతలు వెలువడినవి. అవి అవసరములే. కాని తక్కువగా వినబడిన ప్రశ్న యొకటి కలదు: పడవ నడుపుట కెందరు మనుష్యులుండవలెను? వారి జీతము నెవ్వరు, ఏ లెక్కన ఇచ్చుచున్నారు?

కేరళ ప్రభుత్వ జలరవాణా శాఖవారి పడవపై అధిపతి యొకడు, సరంగు ఒకడు, డ్రైవరు ఒకడు, లస్కర్లిద్దరు, వెరసి ఐదుగురు పనిచేయుట వాడుక. ఇది దుబారా యని తోచవచ్చును. మన రైతు నడుగుడు. గొర్రు తోలువాడొకడు, జడ్డిగమున గింజ వేయువారు వేరొకరు. ఒక్కడే రెండు పనులకు పూనినచో సాలు తప్పును, మొలక తప్పును. చుక్కాని పట్టినవాడు నీటిని చూడవలెనా? ఇంజను చూడవలెనా? ఒక ప్రక్కకు ఒరుగుచున్న జనమును సర్దవలెనా? చేనిలో సాలు తప్పిన మరల విత్తవచ్చును. నడియేట తప్పిన దిద్దుకొను వ్యవధి యుండదు.

ఇక ఖర్చు మాట. లెక్కకొరకు మనిషికి దినమునకు 800 రూపాయలు కూలి యనుకొందము. ఐదుగురికి 4,000 అగును. దినమునకు 300 మంది దాటినచో తలకు 13 రూపాయల పైచిలుకు పడును. ఇద్దరిని తగ్గించినచో 1,600 మిగులును. అనగా తలకు ఐదు రూపాయల చిల్లర. మనము బేరమాడుచున్నది ఆ ఐదు రూపాయలకే!

ఈ బేరమునకు మూలము రేవుపాట. 1890లో మద్రాసు ప్రభుత్వమువారు కాలువలకును రేవులకును చట్టము చేసిరి. రేవు నాటి పరిపాలకులకు ఆదాయపు వనరు. స్వరాజ్యము సిద్ధించి డెబ్బది యేండ్లు దాటినను మన స్థానిక సంస్థలు రేవులను వేలము వేయుచునే యున్నవి. ఎక్కువ పాడినవానికి రేవు దక్కును. పాడిన సొమ్ము తగ్గదు, నూనె ధర తగ్గదు. తగ్గింపదగినది మనుష్యుల కూలి యొక్కటే. అంతకంటె ఘోరమైన సంగతి మరియొకటి. పడవ కదలిననే కూలి, కదలనినాడు పస్తు అను పద్ధతిలో పనిచేయు సరంగు వరదనుజూచి "నేడు పడవ విడువను" అని యెట్లనగలడు? కాదను ధైర్యము నెలజీతములో నున్నది.

కట్టుదిట్టములు హెచ్చినచో పాటదారులు వెనుదీయుదురనియు, పల్లెవారికి ఉన్న దాటుడు కూడ పోవుననియు కొందరందురు. ఈ భయము అసత్యము కాదు. అందుచేతనే ఈ భారమును పేద ప్రయాణికునిపై గాని పాటదారునిపై గాని వేసి ఊరకుండరాదని మా మనవి. రోడ్డు వేసి దానిపై లాభ మడుగని ప్రభుత్వము రేవుపై మాత్ర మేల అడుగవలెను? కేరళవారు 2017లో 75 మంది కూర్చుండదగిన "ఆదిత్య" యను సౌరశక్తి పడవను వైకమువద్ద దింపి నూనె ఖర్చును తగ్గించిరి. పొదుపు చేయవలసినది అచ్చట. అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున ఓడపై నెందరుండవలెనో తీరరక్షక దళము నిర్ణయించును. 2021 అక్టోబరులో సిబ్బంది చాలక అచట ప్రయాణములనే తగ్గించిరి. జనము విసిగిరి గాని, కొరత సిబ్బందితో ఓడలను విడువలేదు.

మనకును చట్టము లేకపోలేదు. 1917 నాటి చట్టమునకు బదులుగ వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము కనీస సిబ్బందిని నిర్ణయించు అధికారమును కేంద్రమున కొసగినది. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము ఋషికొండ మొదలు శ్రీశైలమువరకు తొమ్మిది నియంత్రణ కేంద్రములకు శంకుస్థాపన గావించెను; వానిలో కడప జిల్లా నీటికి ఒక్కటియు లేదు.

కావున మనము కోరవలసినవి మూడు. పాట షరతులలో సిబ్బంది సంఖ్యను వ్రాసి, రేవువద్ద తెలుగున పలకపై ప్రకటింపవలెను. పడవ నిలిచిన దినములకు గూడ సిబ్బందికి నెలజీతము ముట్టవలెను. రేవుపై వచ్చిన పాటసొమ్ము ముందు ఆ రేవు మనుష్యులకే వ్యయపడి, చాలనిది ప్రభుత్వ నిధినుండి రావలెను.

స్థానిక సంస్థలలో మాట చెల్లుబడిగల భూస్వాములును పట్టణ ప్రముఖులును ఈ విషయమున ఇప్పుడే నోరు విప్పవలెను. మొదటి పడవకు మొదటి పాట జరుగకముందే షరతు వ్రాయించుట సులభము. తరువాత వ్రాయించువారు సాధారణముగ శవములు ఒడ్డుకు చేరినపిమ్మట వ్రాయింతురు. మన సరంగు వరదనుజూచి తలయూపి, తాడు విప్పక, నిశ్చింతగ ఇంటికి పోగలిగిననాడే మన రేవు క్షేమమైనదని నమ్ముదము.